అల్సర్ వార్డు నుంచి వచ్చిన పథ్యం

ఊబకాయానికి చేసే శస్త్రచికిత్సల చరిత్రను వైద్య గ్రంథాలు ఎక్కువగా కత్తి, కుట్టు, స్టేప్లర్ల చరిత్రగానే చెబుతాయి. ఏ సర్జన్ ఏ సంవత్సరంలో పేగును ఎక్కడ కోసి ఎక్కడ కలిపారన్నదే వాటిలో ప్రధానాంశం. అయితే ఆపరేషన్ రెండు మూడు గంటల్లో ముగిసేది, ఆ తర్వాతి జీవితమంతా కంచం ముందు గడిచేది కాబట్టి, దానిని చేయించుకున్నవారు ఏమి తినాలి, ఎంత తినాలి, నీళ్లు ఎప్పుడు తాగాలి అన్న నియమాలు ఎక్కడ పుట్టి ఎవరి బాధల మీదుగా స్థిరపడ్డాయన్నది కూడా అంతే విలువైన చరిత్ర. ఆ నియమాల్లో చాలా భాగం ఊబకాయంతో ఏ సంబంధమూ లేని రోగుల నుంచి, అంటే కడుపులో పుండుకో క్యాన్సర్‌కో ఆపరేషన్ చేయించుకున్న పూర్వతరాల నుంచి వచ్చింది.

1881 జనవరిలో వియన్నా నగరంలో థియొడోర్ బిల్రోత్ క్యాన్సర్ సోకిన జఠరపు కింది భాగాన్ని తొలగించి, మిగిలిన దానిని చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలానికి కలిపి, రోగి ఆ ఆపరేషన్‌ను తట్టుకుని బతికేలా చేయగలిగారు. 1897లో జూరిచ్‌లో కార్ల్ ష్లాటర్ మరో అడుగు ముందుకు వేసి మొత్తం జఠరాన్నే తీసివేయగా, ఆ మహిళ ఏడాదికి పైగా జీవించింది. జఠరం లేకున్నా కొద్దికొద్దిగా, పలుమార్లు తింటూ మనిషి ప్రాణం నిలుపుకోగలడని అప్పటికి రుజువైంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో జఠర వ్రణాలకు, అంటే సామాన్యంగా అల్సర్ అని పిలిచే పుండ్లకు, జఠరంలో కొంత భాగం తీసివేయడం యూరప్, అమెరికాలలో మామూలు వైద్యమై, వేలాది మంది చిన్న కడుపుతో ఇళ్లకు వెళ్లారు.

వారిలో చాలామందిని ఒక వింత బాధ పట్టుకుంది. భోజనమైన కొద్ది నిమిషాలకే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం, కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, ఆపై విరేచనం. జఠరం చివర పైలోరస్ అనే కండరాల ద్వారం ఉంటుంది; అది తిన్నదానిని కొంచెం కొంచెంగా పేగులోకి విడిచిపెడుతుంది. ఆపరేషన్‌లో ఆ ద్వారం పోయినా, దానిని తప్పించి దారి మళ్లించినా, తీపి పదార్థం చిక్కగా ఒక్కసారిగా పేగులోకి దిగి, రక్తంలోని నీటిని తనవైపు లాక్కుంటుంది. ఆర్థర్ హెర్ట్జ్ అనే ఆంగ్ల వైద్యుడు 1913లో ఈ లక్షణాలను వర్ణించి, వాటికి కారణం జఠరం మరీ త్వరగా ఖాళీ కావడమేనని చెప్పారు. 1922లో చార్లెస్ మిక్స్ అనే అమెరికన్ వైద్యుడు దానికి డంపింగ్ అన్న పేరు ఖాయం చేశారు. దీనికి అప్పట్లో మందు లేనందువల్ల, వైద్యులూ రోగులూ కలిసి అనుభవం మీద ఒక పథ్యాన్ని ఏర్పరచుకున్నారు: కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినడం, తీపి మానడం, మాంసకృత్తులు పెంచడం, భోజనంతోపాటు నీళ్లు గానీ మరే ద్రవం గానీ తాగకపోవడం, తిన్న తర్వాత కాసేపు పడుకోవడం. 1976 నుంచి సిమెటిడిన్ వంటి ఆమ్లాన్ని తగ్గించే మందులు రావడంతో అల్సర్ ఆపరేషన్లు క్రమంగా అరుదయ్యాయి. వాటి పథ్యం మాత్రం పోలేదు. అప్పటికే అది మరో వార్డులోకి చేరింది.

ఊబకాయ శస్త్రచికిత్స తొలి ప్రయత్నం మాత్రం ఈ పథ్యంతో సంబంధం లేకుండానే సాగింది. 1954లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన క్రెమెన్, లిన్నర్, నెల్సన్‌లు కుక్కల చిన్నపేగుపై చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రచురించిన కాలం నుంచి, కడుపు జోలికి పోకుండా పేగునే కురచచేస్తే తిన్నది ఒంటబట్టదు కదా అన్న ఆలోచన బలపడింది. లాస్ ఏంజెలిస్‌లో హోవర్డ్ పేన్, లోరెన్ డివిండ్‌లు మొదట చిన్నపేగు పైభాగాన్ని నేరుగా పెద్దపేగుకు కలిపి చూశారు. బరువు తగ్గాక దానిని మళ్లీ యథాస్థితికి తేవాలన్నది వారి ఉద్దేశం. అలా తెచ్చినవారిలో బరువు తిరిగి వచ్చింది. 1969లో వారు ప్రచురించిన పద్ధతిలో చిన్నపేగులో మధ్యాంత్రం అనే భాగం నుంచి 14 అంగుళాలు, చివరి భాగమైన శేషాంత్రికం నుంచి 4 అంగుళాలు మాత్రమే ఆహారానికి దారిగా మిగిలేవి. ఇరవై అడుగుల దాకా ఉండే మిగతా పేగంతా ఊరికే పక్కన పడి ఉండేది.

ఈ పద్ధతి ఆకర్షణ అంతా ఇష్టమైనది తినవచ్చునన్న హామీలోనే ఉంది, ఆ హామీ రోగులను దారుణంగా మోసగించింది. విడవని విరేచనాలతో పొటాషియం, మెగ్నీషియం వంటి లవణాలు కారిపోయేవి, కాలేయం దెబ్బతినేది, కీళ్లు వాచేవి. ఒంటబట్టని కొవ్వు పేగులోని కాల్షియాన్ని పట్టుకోవడంతో, మామూలుగా ఆ కాల్షియంతో కలిసి బయటకు పోవలసిన ఆక్సలేట్ రక్తంలోకి చేరి మూత్రపిండాల్లో రాళ్లు కట్టేది, అందుకని పాలకూర, టీ, గింజలు తగ్గించమని చెప్పవలసి వచ్చేది. తర్వాతి పరిశీలనల్లో తేలిన ముఖ్య విషయం ఏమిటంటే, వీరు బరువు తగ్గడానికి ఒంటబట్టకపోవడం కొంతవరకే కారణం. తింటే విరేచనమవుతుందన్న భయంతో తిండి తగ్గించుకోవడమే పెద్ద కారణం. ఆపరేషన్ చేసినవారు పట్టించుకోని కంచమే ఇక్కడ కూడా ఫలితాన్ని నిర్ణయించింది. 1980ల తొలినాళ్లకు ఈ పద్ధతిని దాదాపుగా వదిలేశారు.

అయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ దారి వేరు. అల్సర్ కోసం జఠరంలో కొంత భాగం తీయించుకున్నవారు, ముఖ్యంగా స్త్రీలు, ఎన్నేళ్లయినా మళ్లీ లావెక్కకపోవడాన్ని ఆయన గమనించారు. అల్సర్ వార్డులో దుష్ఫలితంగా భావించిన దానినే చికిత్సగా మలచవచ్చునన్న ఆలోచనతో, చికాషి ఇటోతో కలిసి 1966లో తొలి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. జఠరం పైభాగంలో ఒక చిన్న సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్నపేగుకు కలపడం ఈ పద్ధతి. మిగతా జఠరం లోపలే ఉంటుంది గానీ ఆహారం దానిలోకి వెళ్లదు. మొదట్లో కాస్త పెద్దదిగా ఉంచిన సంచిని మేసన్ క్రమంగా 50 మిల్లీలీటర్లకు తగ్గించారు. నేటి బైపాస్‌లలో అది 15 నుంచి 30 మిల్లీలీటర్లు, అంటే ఒకటి రెండు పెద్ద చెంచాలు. 1977లో వార్డ్ గ్రిఫెన్ బృందం పేగును ఆంగ్ల వై అక్షరం ఆకారంలో కలిపే పద్ధతిని ప్రవేశపెట్టడంతో పైత్యరసం సంచిలోకి ఎగదన్నే బాధ తగ్గింది.

మేసన్ ఇంకా సులువైన మార్గం కోసం 1980లో పేగును ముట్టుకోకుండా జఠరాన్ని నిలువుగా స్టేపుల్స్‌తో విభజించి, సంచి మూతికి బిగుతైన పట్టీ వేసే పద్ధతిని రూపొందించారు. దీనితో మాంసం, రొట్టె, పీచున్న కూరలు అడ్డుపడి వాంతయ్యేవి. ఐస్‌క్రీమ్, మిల్క్‌షేక్, చాక్లెట్ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా జారిపోయేవి. మంచి తిండి తినలేక, తీపి మాత్రమే ఇమిడే స్థితిలో పడిన రోగులను క్రమశిక్షణ లేనివారని నిందించడం అన్యాయం; ఆ అలవాటును వారికి అంటగట్టింది ఆపరేషనే. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో హార్వీ షుగర్‌మన్ బృందం రెండు పద్ధతులను పోల్చి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, తీపి ఎక్కువగా తినేవారికి బైపాస్ మేలైన ఫలితమిచ్చిందని తేలింది. బైపాస్ అయినవారిలో చాలామందికి తీపి తింటే డంపింగ్ వస్తుంది, ఒకటి రెండుసార్లు ఆ బాధ పడ్డవారు మళ్లీ మిఠాయి జోలికి పోవడానికి జంకుతారు. అల్సర్ రోగులకు శాపమైన లక్షణం ఈ విధంగా ఊబకాయ రోగులకు కాపలాగా మారింది.

ఇటలీలోని జెనోవాలో నికోలా స్కొపినారో 1976లో మొదలుపెట్టిన పద్ధతిలో కడుపు కొంత పెద్దదిగానే ఉంచి, పేగులో పైత్యరసం, ఆహారం కలిసే దారిని బాగా కురచచేసేవారు. దానివల్ల బరువు ఎక్కువగా తగ్గినా మాంసకృత్తుల లోపం వెంటాడేది. 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్‌లు చిన్న రంధ్రాల ద్వారా లాపరోస్కోప్‌తో బైపాస్ చేయవచ్చునని చూపడంతో ఈ ఆపరేషన్ల సంఖ్య బాగా పెరిగింది. ఆ తర్వాత వచ్చిన స్లీవ్ పద్ధతిలో జఠరంలో సుమారు నాలుగింట మూడు వంతులు తీసివేసి, అరటికాయంత సన్నని గొట్టంలా మిగులుస్తారు. 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావాలు కనుగొన్న గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసివేసే ఆ భాగంలోనే కావడంతో, తొలి నెలల్లో అసలు ఆకలే వేయదని చాలామంది చెప్పడానికి కారణం కొంతవరకు అర్థమైంది. ఆకలి లేనివారికి గడియారం చూసి తినడం నేర్పవలసి రావడం ఈ పథ్య చరిత్రలో కొత్త ఘట్టం.

తెలుగు నేలపై ఈ చికిత్స వ్యాపించింది లాపరోస్కోప్ యుగంలోనే. భారతీయ ఊబకాయ శస్త్రచికిత్సకుల సంఘం 2002లో ఏర్పడింది. తక్కువ బరువుకే మధుమేహం పాలయ్యే ఆసియా శరీరతత్వాన్ని బట్టి, ఎత్తుకూ బరువుకూ ఉన్న నిష్పత్తిని తెలిపే బీఎంఐ సూచికలో పాశ్చాత్య పరిమితుల కంటే తక్కువ అంకెలనే ఇక్కడ ప్రమాణంగా తీసుకుంటారు. హైదరాబాద్‌లోనూ, ఆపై విజయవాడ, విశాఖపట్నాలలోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్న కొద్దీ, అమెరికన్ పథ్యపు కాగితాన్ని తెలుగు వంటింటికి అన్వయించే పని ఆహార నిపుణులపై పడింది. అక్కడి సూపుల స్థానంలో మొదటి రోజుల్లో వడగట్టిన పప్పుకట్టు, పలుచని మజ్జిగ, కొబ్బరినీళ్లు, మిరియాల ఘాటు లేని చారు వచ్చాయి. వీటిని మందు పోసుకునే 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కప్పుతో, గుటక గుటకకూ మధ్య ఆగుతూ, రోజంతా తాగుతారు. ఆ తర్వాత మెత్తగా రుబ్బిన పప్పు, గిలక్కొట్టిన పెరుగు, పిసికిన గుడ్డు, పన్నీరు, మెత్తని చేప. నెల దాటాక ఇడ్లీ, పెసరట్టు లోపలి మెత్తని భాగం. చాలా ఆలస్యంగా అన్నం, చపాతీ. పసిబిడ్డకు అన్నప్రాశన తర్వాత పెట్టే తిండి క్రమమే పెద్దవాళ్లకు కొద్ది వారాల్లో మళ్లీ నడిచినట్లుంటుంది.

కష్టమైన మార్పు ఆ తర్వాతిది. తెలుగు భోజనంలో అన్నం ప్రధానం. పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నీ ఆ అన్నం దిగడానికి ఉన్న ఆదరువులు. ఆపరేషన్ తర్వాత ఈ సంబంధం తలకిందులవుతుంది: ముందు పప్పో గుడ్డో చేపో తిని, ఆపై కూర తిని, ఇంకా చోటుంటే రెండు ముద్దల అన్నం తినాలి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి; గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు, చిన్న గిన్నెడు ఉడికిన పప్పులో ఏడెనిమిది గ్రాములు. నాలుగు ముద్దలకే నిండిపోయే కడుపుతో ఈ లెక్క తేలడం శాకాహారులకు చాలా కష్టం కాబట్టి పన్నీరు, మీల్ మేకర్, నీళ్లు వార్చిన గట్టి పెరుగు, పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి అవసరమవుతాయి. కంచం పక్కన గ్లాసు నీళ్లు పెట్టడం తెలుగింటి మర్యాద. ఇక్కడ మాత్రం భోజనమయ్యాక అరగంట దాకా నీళ్లు ముట్టకూడదు, అది అల్సర్ రోగుల నుంచి నేరుగా వచ్చిన నియమం. పెళ్లిపంక్తిలో ఇంకొంచెం వేసుకోమని బలవంతపెట్టే ఆప్యాయత కొత్తగా ఆపరేషన్ అయినవారికి నిజంగా ప్రమాదకరం, ఎందుకంటే ఎక్కువైన ఒక్క ముద్ద ఛాతీలో రాయిలా నిలిచి వాంతితోనే పోతుంది. ఏకాదశి ఉపవాసాలూ రంజాన్ రోజాలూ కూడా తొలి నెలల్లో వైద్యులను అడగకుండా చేయదగినవి కావు.

అంతకంటే నిశ్శబ్దంగా వచ్చే లోపాలు వేరే ఉన్నాయి. బీ12 విటమిన్ ఒంటబట్టడానికి జఠరపు గోడ స్రవించే ఒక ప్రత్యేక ప్రోటీన్ కావాలి. ఇనుము ఎక్కువగా ఒంటబట్టేది బైపాస్‌లో దారి తప్పించిన ఆంత్రమూలంలో. శాకాహారుల్లో బీ12, స్త్రీలలో ఇనుము ముందే తక్కువగా ఉండే మన సమాజంలో ఈ ఆపరేషన్ ఆ లోటును మరింత పెంచుతుంది. కాబట్టి విటమిన్, ఇనుము, కాల్షియం మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఇనుము, కాల్షియం ఒకదానినొకటి అడ్డుకుంటాయి కాబట్టి వాటి మధ్య రెండు గంటల ఎడం ఉంచాలి. ఏటా రక్తపరీక్ష చేయించాలి. ఆసుపత్రుల ప్యాకేజీ ధర ఆపరేషన్‌తో ముగుస్తుంది, ఈ మాత్రల ఖర్చు మాత్రం ఎన్నటికీ ముగియదు. బరువు తగ్గి ఆరోగ్యంగా కనిపిస్తున్నవారు రెండో మూడో ఏడాదికి వాటిని మానేయడానికి ఇది ఒక పెద్ద కారణం, దీని గురించి ఆపరేషన్‌కు ముందే దాపరికం లేకుండా చెప్పవలసిన బాధ్యత వైద్యులది.

అన్నిటికంటే తొందరగా ప్రాణం మీదికి తెచ్చేది థయమిన్, అంటే బీ1 విటమిన్ లోపం. శరీరంలో దీని నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది; ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకుండా అవుతున్నవారిలో అది త్వరగా అడుగంటి, ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మతి తప్పడం వంటి, వెర్నికే అనే మెదడు జబ్బు లక్షణాలకు దారితీస్తుంది. పిండి పదార్థాన్ని శక్తిగా మార్చడానికి ఇదే విటమిన్ అవసరం కావడంతో, అలాంటి స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త నిల్వ కూడా ఖర్చయి మెదడుకు శాశ్వతమైన దెబ్బ తగలవచ్చు. తెలుగు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో నీరసం, వాంతులు అనగానే ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించడం ఎన్నో ఏళ్ల ఆనవాయితీ. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని సొంత ఊరికి తిరిగివెళ్లినవారు వాంతులు పట్టుకుంటే మొదట వెళ్లేది కూడా అలా గ్లూకోజ్ ఎక్కించే ఊరి వైద్యుడి దగ్గరికే. కాబట్టి డిశ్చార్జి కాగితం మీద ఆపరేషన్ పేరు, గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలన్న సూచన, మోకాళ్ల నొప్పులకు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేస్తే బైపాస్ అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఉందన్న హెచ్చరిక, ఈ మూడూ ఊరి వైద్యుడికీ ఇంట్లోవారికీ అర్థమయ్యేలా తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి.