ఇరవై రెండో నెల పరీక్ష

చదువుకున్నవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లలు బడిలో ముందుంటారని, కూలినాలి చేసుకునేవాళ్ళ పిల్లలు వెనకబడతారని చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఏ బడిపంతులైనా చెబుతాడు. ఎందుకలా అన్నదగ్గరే పేచీ. ఆ పేచీ చాలా కాలం, చాలా లెక్కలతో నడిచింది ఇంగ్లండులో.

1869లో ఫ్రాన్సిస్ గాల్టన్ ‘హెరిడిటరీ జీనియస్’ అచ్చు వేశాడు. న్యాయమూర్తులు, మంత్రులు, సేనానులు, శాస్త్రజ్ఞుల వంశాలు తిరగేసి, గొప్పవాళ్ళ ఇళ్ళలోనే గొప్పవాళ్ళు పుడుతున్నారు గనుక ప్రతిభ రక్తంలోనే ఉందని తేల్చాడు. జడ్జిగారి కొడుక్కి నాన్నగారి ఆస్తి, పరిచయాలు, ఖరీదైన బడి కూడా వారసత్వంగానే వస్తాయన్న సంగతి ఆయనకు పెద్దగా పట్టలేదు. డార్విన్‌కు దగ్గర చుట్టం కాబట్టి ఆ సిద్ధాంతం ఆయనకు ముద్దొచ్చి ఉండవచ్చు. ఆయనే 1886లో తల్లిదండ్రుల ఎత్తుల్నీ పిల్లల ఎత్తుల్నీ పోల్చి మరో సంగతి చూపించాడు. మరీ పొడుగువాళ్ళ సంతానం సగటున వాళ్ళంత పొడుగు ఉండరు, మరీ పొట్టివాళ్ళ సంతానం వాళ్ళంత పొట్టిగా ఉండరు. రెండు కొసలూ సగటు వైపు జరుగుతాయి. ఈ రెండో సంగతికి నూరేళ్ళు దాటాక పని పడింది.

పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, తేయొడోర్ సిమోన్ 1905లో తయారుచేసిన ప్రశ్నల వరస ఉద్దేశం వేరు. బడిలో తట్టుకోలేకపోతున్న పిల్లల్ని ముందే గుర్తించి సాయం చెయ్యాలన్నది వాళ్ళ ఆలోచన. తెలివి పుట్టుకతో గీసిన గీత అని బినే ఒప్పుకోలేదు. కానీ ఆ పరీక్ష ఇంగ్లండు చేరేసరికి వడపోతకు పనిముట్టయింది. 1944 విద్యాచట్టం తర్వాత పదకొండేళ్ళ వయసులో రాసే ఒక్క పరీక్షతో కొందరు పై చదువులకు దారితీసే గ్రామర్ స్కూలుకు, మిగతావాళ్ళలో చాలామంది సెకండరీ మోడరన్ బడులకు వెళ్ళేవారు. ఆ ఏర్పాటు సరైనదని నమ్మించినవాళ్ళలో మనస్తత్వవేత్త సిరిల్ బర్ట్ ఒకడు. తెలివి పుట్టుకతోనే వస్తుందని చూపడానికి కవలలపై ఆయన ప్రకటించిన అంకెలు నమ్మదగ్గవి కావని 1970లలో, ఆయన పోయాక, బయటపడింది.

ఈ కథ మలుపు తిరిగింది ఒక పురుళ్ళ లెక్కతో. జననాలు తగ్గుతున్నాయన్న బెంగతో, కాన్పుకు ఎంత ఖర్చవుతోంది, తల్లులకు ఏ సేవలు అందుతున్నాయి అని తెలుసుకోవడానికి 1946 మార్చిలో ఒక వారంలో పుట్టిన బిడ్డల వివరాలు సేకరించారు. దాని సారథి జేమ్స్ డగ్లస్ వైద్యుడు. పని అయ్యాక కాగితాలు కట్టగట్టి పక్కన పెట్టెయ్యకుండా 5,362 మంది పిల్లల్ని అలాగే వెంటబడి చూస్తూ వచ్చాడు. ఎనిమిదేళ్ళకు ఒకసారి, పదకొండేళ్ళకు ఒకసారి పరీక్షలు పెట్టాడు. 1964లో వచ్చిన ‘ది హోం అండ్ ది స్కూల్’లో ఫలితం చెప్పాడు: ఎనిమిదికీ పదకొండుకీ మధ్య మధ్యతరగతి పిల్లలకూ కార్మికుల పిల్లలకూ ఉన్న ఎడం పెరిగింది. ఒకే మార్కులు వచ్చిన ఇద్దరిలో గ్రామర్ స్కూల్లో సీటు ఎవరికన్నది ఇంటిని బట్టీ, ఉంటున్న ప్రాంతంలో ఎన్ని సీట్లున్నాయన్నదాన్ని బట్టీ మారింది. అమ్మానాన్నలు బడికి వచ్చి టీచరుతో ఎన్నిసార్లు మాట్లాడారన్నది కూడా ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకు మించిన పుస్తకం లేదు.

అదే తరహాలో మళ్ళీ బిడ్డల వివరాలు సేకరించారు: 1958లో ఇంకో వారం, 1970 ఏప్రిల్లో మరో వారం. ఒక్కోసారి దాదాపు పదిహేడు వేల మంది. 1970 పిల్లల్లో కొందరికి ఇరవై రెండో నెలలోనే పరీక్ష పెట్టారు: చెక్కముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చడం, ముక్కేది కన్నేది అంటే చూపించడం, బూట్లు వేసుకోవడం, గీత గీయడం. అప్పట్లో లండన్‌లో ఉన్న ఆర్థికవేత్త లియాన్ ఫైన్‌స్టైన్ 2003లో ఆ మార్కుల్ని పదేళ్ళ వయసు దాకా గ్రాఫుగా గీశాడు. ఇరవై రెండో నెలలో పై వరసలో ఉన్న పేదింటి పిల్లలు కిందికి జారుతూ వచ్చారు, అట్టడుగున ఉన్న కలిగినింటి పిల్లలు పైకెక్కుతూ వచ్చారు. ఐదో ఏటికీ పదో ఏటికీ మధ్య రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటేశాయి.

ఆ బొమ్మ చూసినవాళ్ళు మరిచిపోలేదు. 2010లో ఆరోగ్య అసమానతలపై వచ్చిన మార్మట్ నివేదికలో అది చోటు చేసుకుంది. అదే ఏడు విద్యామంత్రి మైకేల్ గోవ్, తెలివైన పేదపిల్లల్ని మందమతి ధనిక పిల్లలు బడిలో చేరే వయసుకే మించిపోతున్నారని చెప్పుకొచ్చాడు. రాజకీయ నాయకుడికి ఇంతకంటే చక్కటి వాక్యం దొరకదు.

జాన్ జెరిమ్, అనా విన్యోల్స్ అనే పరిశోధకులు ఆ గ్రాఫును గాల్టన్ ఎత్తుల లెక్కతో పరీక్షించారు. ఇరవై రెండు నెలల బిడ్డ ఆ పూట నిద్రమత్తులో ఉండవచ్చు, కొత్త మనిషిని చూసి బెదిరి ఉండవచ్చు. ఆ ఒక్క పూట మార్కుతో తెలివైనవాళ్ళని విడదీస్తే, అదృష్టం కొద్దీ బాగా చేసినవాళ్ళూ ఆ గుంపులో కలుస్తారు. మరుసటి పరీక్షలో వాళ్ళు తమ వర్గం సగటు వైపు జరగక తప్పదు, పేదవర్గం సగటేమో తక్కువ. గుంపు కట్టడానికి ఒక పరీక్ష, తర్వాతి నడక చూడడానికి వేరే పరీక్ష వాడితే, గీతలు దాటుకునే ఆ దృశ్యం చాలావరకు మాయమైంది. అయితే ఎడం లేదని వాళ్ళు అనలేదు. ఆ మాట వదిలేసి, అంతా లెక్కల గారడీ అని కొట్టిపారేసినవాళ్ళు గోవ్ కంటే మెరుగేమీ కాదు.

ఇంటి నేపథ్యం అనే పెద్ద మూటను విప్పి చూసిన పని 1997లో మొదలైంది. దాదాపు మూడు వేల మంది పిల్లల్ని 141 శిశుకేంద్రాల నుంచి తీసుకుని, ఇంట్లో ఎవరైనా కథ చదువుతున్నారా, పాటలు నేర్పుతున్నారా, అంకెలతో ఆడిస్తున్నారా అని అడిగారు. తల్లిదండ్రుల ఉద్యోగం, చదువు ఏమిటన్నదానికంటే వాళ్ళు పిల్లలతో ఏం చేస్తున్నారన్నదే ముఖ్యమని తేలింది. మంచి మాటే. కాకపోతే రెండు షిఫ్టులు చేసొచ్చిన తల్లికి కథ చదివే ఓపిక ఎక్కడిదన్న ప్రశ్న దీనితో తీరదు.

పిల్లల్ని వెంబడించి చూసే పద్ధతి 2002లో మన ఊళ్ళకూ వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిచే ‘యంగ్ లైవ్స్’ ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుని, ఏడాది వయసుకు అటూఇటూగా ఉన్న రెండు వేల మంది పసివాళ్ళనూ, ఎనిమిదేళ్ళ వయసున్న మరో వెయ్యి మందినీ ఏళ్ళ తరబడి కలుస్తూ వచ్చింది. 2002లో ఎనిమిదేళ్ళవాళ్ళలో నాలుగో వంతు దాకా ప్రైవేటు బడుల్లో ఉంటే, 2009కి అదే వయసుకు చేరిన చిన్నవాళ్ళలో ఆ వాటా రెండింతలకు దగ్గరపడింది. బ్రిటిష్ లెక్కల్లో ఎక్కువగా ఇల్లంటే ఒకటే: తండ్రి ఉద్యోగమేదో, పిల్లలందరి నేపథ్యమూ అదే. ఇక్కడ ఒకే కప్పు కింద కొడుకు ఇంగ్లీషు మీడియం బడికి, కూతురు సర్కారు బడికి వెళ్ళడం కనిపించింది. ఆ ఎంపిక చాలా ఇళ్ళలో బిడ్డకు ఆరేళ్ళు నిండకముందే జరిగిపోయింది.