బ్రీత్ టెస్ట్‌కు ఊదనంటే లైసెన్సు ఏమవుతుంది?

బెంగళూరులో ఉన్నా, చెన్నై, బరంపురం, షోలాపూర్, యానాంలో ఉన్నా మనకు వర్తించేది ఒకే కేంద్ర చట్టం: 1988 నాటి మోటారు వాహనాల చట్టం. ‘ఊదకపోతే రుజువు ఉండదు, కేసూ ఉండదు’ అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా చెప్పడం లేదు.

ఊదనంటే ఏం జరుగుతుంది?

తాగి నడుపుతున్నారని సహేతుకమైన అనుమానం ఉంటే యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఊదమని అడగవచ్చు. ఊదనంటే, ఆ అనుమానం మీదే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు (203వ సెక్షన్). స్టేషన్‌లో ఊదడానికి మరో అవకాశం ఇవ్వాలి. డాక్టర్ చేత రక్త నమూనా తీయించవచ్చు (204). మహిళ విషయంలో మహిళా డాక్టరే తీయాలి, లేదా మరో మహిళ సమక్షంలో తీయాలి. అరెస్టయిన 2 గంటల లోపు వైద్య పరీక్ష జరగకపోతే విడిచిపెట్టాలి (202).

కోర్టులో నిరాకరణకు సరైన కారణం చూపలేకపోతే, దాన్ని పోలీసుల సాక్ష్యానికి బలంగా తీసుకోవచ్చు (205). ఆస్తమా వంటి ఇబ్బంది ఉంటే అక్కడే చెప్పండి, రక్త పరీక్షకు సిద్ధమని చెప్పండి.

లైసెన్సు ఎలా పోతుంది?

ఊదనన్నందుకే లైసెన్సు నేరుగా రద్దు కాదు. తాగి నడిపిన నేరం (185) మీద పోతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే. నేరం జరిగిందని నమ్మితే పోలీసులు లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపుతారు (206). చేతికిచ్చే రసీదుతో బండి నడపకూడదు. రవాణా శాఖ మన వాదన వినాలి. ఆ తర్వాత మొదటిసారైతే 3 నెలలు అనర్హత వేయవచ్చు, రెండోసారైతే లైసెన్సునే రద్దు చేయవచ్చు (19).

కోర్టు దోషిగా తేలిస్తే కనీసం 6 నెలల అనర్హత తప్పదు (20). మొదటి నేరానికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మరోసారైతే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ.

ఆటో, లారీ, క్యాబ్ నడిపి బతికే ఇంటికి ఆరు నెలలంటే ఆరు నెలల జీతమే. తాగని వాడు ఊదితే నిమిషంలో తేలిపోతుంది. తాగిన వాడు తాళం ఇంకొకరికి ఇస్తే అసలు ఊదే అవసరమే రాదు.