మన పల్లెల పోలీసు పటేలు

మన సంఘములలో అరువది యేండ్లు దాటిన పెద్దలు పోలీసు పటేలును ఎరుగుదురు. నేటి పిల్లలకు ఆ పేరే తెలియదు. నిజాం పాలనలో మన తాత ముత్తాతల బ్రతుకు చాలవరకు ఈ ఉద్యోగి చేతిలో ఉండెను గనుక, ఆయన పనిని గురించి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1865లో మొదటి సాలార్ జంగ్ జిల్లాబందీ అమలుచేసి, జిల్లాలు, తాలూకాలు ఏర్పరచెను. ఆ కాలముననే పోలీసు శాఖ కూడ ఒక క్రమములోనికి వచ్చెను. అయినను ఠాణా దూరము, దారులు తక్కువ. అమీను అని పిలువబడిన పోలీసు అధికారి పల్లెకు వచ్చుట అరుదు. కాబట్టి ఊరి పని ముగ్గురు చూచెడివారు. శిస్తు వసూలు మాలీ పటేలుది, లెక్కలు పట్వారీవి, శాంతిభద్రతలు పోలీసు పటేలువి. ఇవి వతను ఉద్యోగములు, అనగా తండ్రి నుండి కొడుక్కు వచ్చునవి. అమెరికాలో చాలా రాష్ట్రములందు కౌంటీ షెరీఫును ప్రజలే ఓటు వేసి ఎన్నుకొందురు. మన పటేలును ఊరివారు ఎన్నుకొనలేదు, తీసివేయనూ లేరు.

ఆయన పని చిన్నది కాదు. ఊరిలో జనన మరణములు వ్రాయించవలెను. దొంగతనమో హత్యయో జరిగిన ఠాణాకు కబురు పంపవలెను. పంచనామాకు పెద్దమనుషులను పిలువవలెను. ఊరికి వచ్చిన క్రొత్తవారిపై కన్నువేయవలెను. 1889లో బెజవాడ వరకు రైలుమార్గము పూర్తియైన తరువాత మన మధిర వైపు క్రొత్తముఖములు పెరిగెను. పైగా తాలూకా పొలిమేర దాటగానే ఇంగ్లీషువారి ఏలుబడిలోని కృష్ణా జిల్లా. నేరస్థుడు నందిగామ వైపో తిరువూరు వైపో దాటిపోయిన, పటేలు అధికారము పొలిమేరతో సరి.

అయితే రాత్రులు గస్తీ తిరిగినదెవరు? ఠాణాకు కబురు మోసినదెవరు? దౌరాకు వచ్చిన అధికారుల సామానులు తలకెత్తుకొన్నదెవరు? ఊరి కావలివాండ్రు, వెట్టివాండ్రు. వారిలో అనేకులు మాలపల్లె, మాదిగపల్లెలవారు, మనలో చాలమందికి పూర్వికులు. వారికే అన్యాయము జరిగినప్పుడు ఫిర్యాదు చేయవలసినది ఆ పటేలుతోనే. తప్పు పటేలుదో ఆయన బంధువులదో అయినచో ఆ ఫిర్యాదు ఊరు దాటుట కష్టము. మంచి పటేళ్ళు లేకపోలేదు. కాని పేదవానికి న్యాయము ఒక్క మనిషి మంచితనముపై ఆధారపడియుండుటయే ఆ పద్ధతిలోని లోపము.

1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటములో ఎన్నో ఊళ్ళ పటేళ్ళు, పట్వారీలు ఊరు విడిచిపోయిరి. దస్తావేజులు తగులబడెను. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసినను పటేలు పదవి పోలేదు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల పదవులను రద్దుచేసెను. సుప్రీంకోర్టు 1985లో దానిని సమర్థించెను.

పటేళ్ళ పేర్లు పాత దస్తావేజులలో దొరకును. లాంతరు పట్టుకొని ఊరు కాచినవారి పేర్లు అంత సులభముగా దొరకవు. అవి ఇంకను మన పెద్దల నోట ఉన్నవి. వారు మన మధ్య ఉండగానే ప్రతి సంఘము వాటిని అడిగి వ్రాసి ఉంచవలెనని నా మనవి.