మరమగ్గానికి పడుగు భీము: మోత, బిగింపు

వరికోత యంత్రం రోడ్డెక్కేటప్పుడు దాని ముందరి వెడల్పాటి కోత భాగాన్ని విప్పి, ట్రాలీపై పొడవునా పెట్టి లాగుకొని పోవడం తెలంగాణ పల్లెల్లో అందరూ చూసినదే. పొలం చేరాక దానిని మరల బిగిస్తారు. ఠాణే జిల్లా భివండిలోని మరమగ్గాల వద్ద ఇటువంటి పని ఏడాది పొడవునా సాగుతుంది. అక్కడ విప్పి, మోసి, బిగించేది పడుగు చుట్టిన భీము.

1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె తరువాత నేత పని చాలా భాగం భివండి వంటి ఊళ్ళకు తరలింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు పద్మానగర్ పరిసరాలలో స్థిరపడ్డాయి. కూలి ఎక్కువగా మీటరు లెక్కన ఉంటుంది గనుక భీము మార్చేంత సేపు కార్మికునికి రాబడి లేదు.

సైజింగు కర్మాగారంలో పడుగుకు గంజి పట్టించి, వేడి సిలిండర్లపై ఆరబెట్టి, భీముకు చుట్టి పంపుతారు. ఉదాహరణకు 60 నంబరు నూలుతో 3,000 పోగులు, 1,500 మీటర్ల పడుగు అనుకుంటే నూలు బరువే సుమారు 44 కిలోలు. దానికి గంజి బరువు, ఇనుప గొట్టం బరువు, రెండు కొసల పళ్ళేల బరువు తోడవుతాయి.

మోయునప్పుడు బరువంతా ఇరుసు కొసలపైననే ఉండాలి. నూలుపై చేయి గాని, తాడు గాని, బండి అంచు గాని ఆనరాదు. బండిపై దొర్లకుండా ఇరువైపుల చెక్కలు పెట్టవలెను. పళ్ళెం వంగినదా, అంచు పోగులు లోనికి దిగబడతాయి. మగ్గం నడిచినప్పుడు అవే ముందు తెగుతాయి. వానాకాలంలో ప్లాస్టిక్ గుడ్డ కప్పక తప్పదు. తడిసిన గంజి పోగులను ఒకదానికొకటి అంటిస్తుంది, బూజు కూడ పడుతుంది. సైజింగు నుండి షెడ్డుకు దూరం కొద్దిపాటిదే కదా అని ఈ కప్పు మానివేయడం తరచు జరిగే పొరపాటు.

ఎక్కించే ముందు మోటారు స్విచ్చి ఆపాలి. మగ్గాల నడుమ సందులు ఇరుకు. కాబట్టి ఇద్దరు చెరొక కొస పట్టి, ఒకే మాటపై ఎత్తడం క్షేమం. ఇరుసు రెండు కొసలూ మగ్గం వెనుక దిమ్మెలలో సరిగా కూర్చోవాలి. భీము వెనుక దూలానికి సమాంతరంగా లేనిచో ఒక పక్క పోగులు బిగిసి, మరొక పక్క వదులవుతాయి. అటుపిమ్మట కొసనున్న గాడి చక్రానికి గొలుసు గాని తాడు గాని చుట్టి, బరువులు వ్రేలాడదీస్తారు. సాదా మగ్గానికి బిగువు నిచ్చేది ఈ ఏర్పాటే.

బట్ట రకం మారనప్పుడు పాత పోగుకు కొత్త పోగు ముడి వేస్తే చాలును. ముడికి 5 సెకన్లే అనుకున్నా 3,000 ముడులకు నాలుగు గంటలు దాటుతుంది! ముడులను హీల్డుల గుండా, రీడు గుండా మెల్లగా లాగాలి. రకం మారితే ప్రతి పోగునూ కొక్కెముతో కొత్తగా ఎక్కించవలసిందే.

ఖాళీ భీమును తిరిగి పంపునప్పుడు పళ్ళెం వంగి ఉన్నట్లయితే సుద్దతో గుర్తు పెట్టాలి. లేనిచో అదే భీము నిండి, అదే వంకరతో మరొకరి మగ్గానికి చేరుతుంది.