స్పూలర్ పతనం

రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ మీద నడిచే ఆఫీసుల్లో, పని సాగినంత కాలం ప్రింట్ స్పూలర్ పేరు ఎవరికీ తెలియలేదు. అకౌంట్స్‌ వాళ్లు ఇన్‌వాయిస్ కొట్టారు, కాగితం వచ్చింది. స్టోర్స్‌ వాళ్లు గేట్ పాస్ కొట్టారు, కాగితం వచ్చింది. సర్వర్ ఎక్కడో, మనిషి ఎక్కడో, ప్రింటర్ ఇంకెక్కడో. మూడింటినీ కలిపి నడిపిన ఆ చిన్న ప్రోగ్రాం పాతికేళ్లపాటు అడిగినవాళ్లకు లేదనకుండా పెట్టింది. ఆ మంచితనమే చివరికి దాని కొంప ముంచింది.

పాయింట్ అండ్ ప్రింట్ అనే సదుపాయాన్ని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ప్రింట్ సర్వర్‌లోని ప్రింటర్ పేరు మీద నొక్కితే చాలు, దానికి కావలసిన డ్రైవర్ తనంతట తానే దిగేది. సీడీ వెతకనక్కర్లేదు, అడ్మిన్‌ను పిలవనక్కర్లేదు. కానీ డ్రైవర్ అంటే ఎక్కడో ఒక ప్రింటర్ కంపెనీ రాసిన కోడ్. స్పూలర్ ఆ కోడ్‌ను సిస్టం హోదాలో, అంటే యంత్రం మీద సర్వాధికారాలతో, తన కడుపులో పెట్టుకుని నడిపేది.

1996లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0లో డ్రైవర్‌లోని గ్రాఫిక్స్ భాగం ఏకంగా కెర్నల్‌లోకే వెళ్లింది. సొంత కంప్యూటర్‌లో అలాంటి డ్రైవర్ తప్పు చేస్తే నీలి తెర కనిపించేది ఒక్కరికే. 1998లో టెర్మినల్ సర్వర్ ఎడిషన్ వచ్చాక అదే తప్పు ఆ సర్వర్‌లో ఉన్న అందరి పనినీ ఒక్కసారే మింగేది. సర్వర్ 2003లో కెర్నల్ డ్రైవర్లను అడ్డుకునే పాలసీ వచ్చింది. సర్వర్ 2008లో ఈజీ ప్రింట్ వచ్చి, దూరం నుంచి కనెక్ట్ అయ్యేవాళ్ల ప్రింటర్‌కు సర్వర్‌లో ప్రత్యేకంగా డ్రైవర్ అక్కర్లేకుండా చేసింది. 2008 ఆర్2లో డ్రైవర్ ఐసొలేషన్ వచ్చింది, చెడ్డ డ్రైవర్‌ను వేరే ప్రాసెస్‌లో కూర్చోబెడితే అది కూలినా స్పూలర్ నిలబడేది. అన్నీ మంచి మందులే. అసలు రోగం మాత్రం స్పూలర్‌కున్న అధికారంలో ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు.

ఈ సర్వర్లలో డ్రైవర్ అప్‌డేట్ చేసినవాళ్లకు ఆ రాత్రులు ఎలా గడుస్తాయో తెలుసు. ప్రింట్ మేనేజ్‌మెంట్ తెరిచి పాత డ్రైవర్‌ను తీసేయబోతే ‘వాడుకలో ఉంది, కుదరదు’ అంటుంది. అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు కదా, ఎవరు వాడుతున్నట్టు? లాగాఫ్ కాకుండా విండో మూసేసి పోయిన ఎవరిదో డిస్‌కనెక్టెడ్ సెషన్ మిగిలి ఉంటుంది. లేదంటే డ్రైవర్ తనతో తెచ్చుకున్న ప్రింట్ ప్రాసెసర్‌ను స్పూలర్ వదలకుండా పట్టుకుని ఉంటుంది. ప్రింటర్లన్నింటినీ ముందు విండోస్‌తో వచ్చే ప్రింట్ ప్రాసెసర్ విన్‌ప్రింట్‌కు మార్చాలి. స్పూలర్‌ను ఆపి, ఫోల్డర్‌లో ఇరుక్కున్న పాత జాబులు తుడిచి, మళ్లీ స్టార్ట్ చేసి, ఏ సెషనూ ఆ డ్రైవర్‌ను ముట్టుకోకముందే తీసేయాలి. తెల్లారాక మొదటి ఫోన్ వస్తుంది: “సార్, ప్రింట్ కొడితే రావట్లేదండి.” ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 1111 నంబరు ఎర్రర్లు వరసగా పడి ఉంటాయి. యూజర్ వెంట తెచ్చుకున్న ప్రింటర్‌కు కావలసిన డ్రైవర్ ఈ సర్వర్‌కు తెలియదని వాటి సారాంశం. ఇంత కష్టపడ్డా, అసలు ప్రమాదం ఇలా మొరాయించే డ్రైవర్ల నుంచి రాలేదు.

హెచ్చరిక చాలా ముందే అందింది. స్పూలర్‌లోని ఒక లోపం గురించి 2009లోనే హాకిన్9 అనే భద్రతా పత్రిక రాసింది. పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో ఇరాన్ అణు కేంద్రం మీద పడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వర్మ్ వ్యాపించడానికి వాడుకున్న దారుల్లో అదీ ఒకటని తేలాక, ఆ సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. ఆ ఒక్క కంత పూడింది. స్పూలర్ అధికారం అలాగే ఉండిపోయింది.

పదకొండేళ్ల తర్వాత కథ ముగింపుకొచ్చింది. 2021 జూన్ 8న స్పూలర్‌కు ఒక ప్యాచ్ వచ్చింది. తాము కనిపెట్టిన లోపం కూడా దాంతోనే పోయిందనుకున్న చైనా పరిశోధకులు, దాన్ని వాడుకునే పద్ధతిని కోడ్‌తో సహా ఆ నెలాఖరులో బయటపెట్టారు. అది వేరే లోపం, దానికింకా మందు లేదు. వెంటనే తొలగించారు గానీ అప్పటికే కాపీలు చేతులు మారిపోయాయి. ప్రింట్‌నైట్‌మేర్ అని పేరుపడ్డ ఈ లోపంతో, నెట్‌వర్క్‌లో మామూలు యూజర్‌ ఖాతా ఉన్న ఎవడైనా డ్రైవర్ పేరుతో తన కోడ్‌ను స్పూలర్ చేత సర్వాధికారాలతో నడిపించగలిగేవాడు. జూలై 6న మైక్రోసాఫ్ట్ హడావుడిగా ప్యాచ్ విడుదల చేసింది. డొమైన్ కంట్రోలర్లలో స్పూలర్‌ను ఆపేయమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా జూలై 13న ప్రభుత్వ శాఖలకు అత్యవసర ఆదేశం ఇచ్చింది. అన్నాళ్లు సేవ చేసిన ప్రోగ్రాంకు దక్కిన వీడ్కోలు అది.

ఆగస్టు 10 నాటి అప్‌డేట్‌తో డ్రైవర్ వేయడం, మార్చడం అడ్మిన్లకే పరిమితమైంది. పాయింట్ అండ్ ప్రింట్ ప్రాణం పోయింది అక్కడే. ప్రింట్ సర్వర్‌లో కొత్త వెర్షన్, యూజర్లు లాగిన్ అయ్యే రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్‌లో, అంటే సెషన్ హోస్ట్‌లో, పాత వెర్షన్ ఉంటే చాలు, ఉదయం లాగిన్ అయిన ప్రతి యూజర్‌ ముందూ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే పెట్టె వచ్చి నిలిచింది. సొంత కంప్యూటరైతే రెండు నిమిషాలు అడ్మిన్ హక్కు ఇచ్చి పని కానిచ్చేవాళ్లు. సెషన్ హోస్ట్‌లో ఒకరికి అడ్మిన్ హక్కు ఇవ్వడమంటే, అదే యంత్రంలో పనిచేస్తున్న మిగతా అందరి ఫైళ్లూ సెషన్లూ అతని చేతిలో పెట్టడమే. అందుకే చాలాచోట్ల వేరే దారి తొక్కారు. రిజిస్ట్రీలో ఆ కట్టడి విలువను 0 చేసి, పాత పద్ధతే తెచ్చుకున్నారు. ప్రింట్ వచ్చింది, తలుపు మళ్లీ తెరుచుకుంది. నెలాఖరు బిల్లుల ఒత్తిడిలో ఆ పని చేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆ 0 ఇంకా ఎన్ని సర్వర్లలో అలాగే ఉండిపోయిందో అన్న దిగులు మాత్రం పోలేదు.

2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ చివరి మాట చెప్పేసింది. విండోస్ అప్‌డేట్ ద్వారా ప్రింటర్ కంపెనీల డ్రైవర్లు పంచే పద్ధతిని అంచెలంచెలుగా ఆపేస్తామని, 2027 నుంచి భద్రతా మరమ్మతులు తప్ప ఆ డ్రైవర్లకు అప్‌డేట్లు తీసుకోబోమని ప్రకటించింది. ఇకపై విండోస్‌తోనే వచ్చే ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) క్లాస్ డ్రైవర్‌దే రాజ్యం. విండోస్ 11 24హెచ్2లో ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ పెడితే కంపెనీ డ్రైవర్‌కు లోపలికి ప్రవేశమే లేదు. భద్రత దృష్ట్యా ఇదే సరైన పని, ఎప్పుడో చేయాల్సింది. కానీ మన కిరాణా హోల్‌సేల్ కొట్లలో, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో కార్బన్ కాపీల బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకు ఐపీపీ రాదు. ఉన్న డ్రైవర్ పనిచేసినన్నాళ్లే వాటికి కాలం.

సెషన్ హోస్ట్‌లు చూసుకునే మిత్రులకు ఒక విన్నపం. సర్వర్‌లో ఎవరూ వాడని డ్రైవర్లన్నీ తీసేయండి. ఉంచక తప్పనివాటిని ఐసొలేషన్‌లో పెట్టండి. కొత్త వెర్షన్‌ను ముందు ఒక హోస్ట్‌లో వేసి చూసి, తర్వాతే మిగతావాటికి పంపండి. డొమైన్ కంట్రోలర్లలో స్పూలర్ ఆపేయండి. ఆ రిజిస్ట్రీ విలువ ఇంకా 0 మీదే ఉంటే ఈరోజే 1కి మార్చండి.