రెండు ముఠాలు, ఒక ఏప్రిల్

ఎవరు పోతారో పుస్తకం తెరవకముందే తెలిసిపోయే కథ ఇది. అమ్మాయి పేరు జూలియట్, అబ్బాయి ఇంటిపేరు మోంటగోవ్ అన్నాక ఇంకేం దాపరికం మిగులుతుంది? తెలియనిదల్లా వాళ్ళతో పాటు ఇంకెవరెవరు పోయారన్నదే. క్లోయి గాంగ్ రాయగా 2020లో వచ్చిన ‘దీజ్ వయలెంట్ డిలైట్స్’, మరుసటి ఏడు వచ్చిన రెండో భాగం ‘అవర్ వయలెంట్ ఎండ్స్’ వరసగా చదివాను. పుస్తకం మూశాక నా మనసులో మిగిలిన దుఃఖం ఆ ప్రేమికుల గురించి కాదు.

1926 నాటి షాంఘై. నగరం నడిబొడ్డున ఇంగ్లీషువాళ్ళు, అమెరికన్లు కలిసి ఏలుకునే ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్, పక్కనే ఫ్రెంచివాళ్ళ పేట. ఆ గడ్డ మీద చైనావాడి చట్టం వాళ్ళకు వర్తించదు. మిగిలిన ఊరిని నవలలో రెండు ముఠాలు పంచుకుంటాయి. స్కార్లెట్ ముఠా చైనా వాళ్ళది, దాని పెద్ద కాయ్ దొర. వైట్ ఫ్లవర్స్ రష్యన్లది, దాని పెద్ద మోంటగోవ్ దొర. వాళ్ళ మధ్య తరాల పగ. పల్నాటి కథలో కనీసం కోడిపందెం అని చెప్పుకోవడానికి ఒక నెపం ఉంది; ఇక్కడ అదీ లేదు. ఎందుకు చంపుకుంటున్నారో చంపేవాళ్ళకే తెలియదు.

కాయ్ దొర కూతురు జూలియట్ న్యూయార్క్ నుంచి తిరిగొస్తుంది. పద్దెనిమిదేళ్ళది. ఒంటి మీద పూసల గౌను, దాని కింద కత్తి. నాలుగేళ్ళ కిందట మోంటగోవ్‌ల కొడుకు రోమాను ప్రేమించింది. ఆ ప్రేమ తెగిన తీరు మాటల్లో చెబితే నాలుగు ముక్కలే: వాడి వల్ల ఆమె ఇంట్లో పేలుడు జరిగింది, చిన్నప్పటి నుంచి పెంచిన దాది పోయింది, బదులుగా వాడి తల్లి పోయింది, అందులో ఈమె చెయ్యి ఉంది. ఇద్దరూ చిన్నపిల్లలు. ఇద్దరి చేతులకూ అప్పటికే నెత్తురు.

ఇక ఊరి మీద పడిన తెగులు. ఉన్నట్టుండి మనిషి తన గోళ్ళతో తన గొంతే చీల్చుకుని చచ్చిపోతాడు. హువాంగ్‌పు నదిలో ఏదో మృగం ఉందని, దాని ఒంటి నుంచి రాలే పురుగులే ఈ పిచ్చిని తెస్తున్నాయని పుకారు. స్కార్లెట్ వాడూ చస్తాడు, వైట్ ఫ్లవర్ వాడూ చస్తాడు, రేవులో మూటలు మోసే కూలీ అయితే అందరికంటే ముందు చస్తాడు. రోమా చెల్లెలు అలీసా ఆస్పత్రి మంచాన పడ్డాక పగవాళ్ళిద్దరూ చేతులు కలుపుతారు. ఆ వెతుకులాట నేను చకచకా చదివేశాను గానీ, అందులో గట్టిగా కుట్టింది ఒక్కటే. ఊళ్ళో మందు పేరుతో టీకాలు అమ్ముకునే గుట్టుమనిషి ఒకడున్నాడు. ముసుగు తీస్తే ఇంగ్లీషు వ్యాపారి కొడుకు పాల్ డెక్స్‌టర్. మృగాన్ని వదిలిందీ వాడే, మందు అమ్మిందీ వాడే. నల్లమందు పెట్టెలతో ఈ రేవులోకి ఓడలు వచ్చిన చరిత్ర తెలిసినవాళ్ళకు ఇందులో ఫాంటసీ ఎంతో లేదు.

మొదటి భాగం చివరి ఘట్టం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. జూలియట్ దాయాది టైలర్ తన మనుషులతో ఎదురుగా ఉన్నాడు. ఆమె మోంటగోవ్ వాడితో కలిసిందని అనుమానం. రుజువు కావాలి. జూలియట్ తుపాకీ ఎత్తి రోమా ప్రాణమిత్రుడు మార్షల్ మీద పేలుస్తుంది. వాడు కూలిపోతాడు. తనకు రోమా అంటే ఎప్పుడూ ఏమీ లేదని, అంతా వాడుకోవడమేనని వాడి మొహాన చెబుతుంది. రోమా నమ్ముతాడు. మార్షల్ చావలేదని, మందిచ్చి చచ్చినట్టు పడేలా చేసిందని మనకు తరవాత తెలుస్తుంది గాని, రోమాకు తెలియదు. రోమా బతకాలంటే వాడికి తానంటే అసహ్యం పుట్టాలి. అమ్మాయి ఆ లెక్క ఎంత తొందరగా వేసిందో చూస్తే, ఈ ఇంట్లో పెరిగిన పిల్లకు తల్లీతండ్రీ నేర్పింది ఇదే కదా అనిపించింది. రచయిత్రి అంత చిన్న వయసులో ఇంత నిబ్బరంగా రాసినందుకు మెచ్చుకోవాలి. కొన్నిచోట్ల 1926 నాటి పిల్లలు మరీ ఈనాటి కుర్రకారులా మాట్లాడతారు. దాన్ని నేను పట్టించుకోలేదు.

రెండో భాగం 1927లో నడుస్తుంది. ఇక్కడే కథ చరిత్రలోకి జారుతుంది. నా బాధా ఇక్కడే.

ఊరిని సగానికి సగం పంచుకునేంత రష్యన్ ముఠా నిజం షాంఘైలో లేదు. 1917 విప్లవం తరవాత పారిపోయి వచ్చిన రష్యన్లకు దేశమే లేకుండా పోయింది. తెల్లవాళ్ళయినా మిగతా తెల్లవాళ్ళకున్న హక్కులు వాళ్ళకు దక్కలేదు. బంట్రోతులుగా, కాపలావాళ్ళుగా, డాన్సు హాళ్ళలో జతగత్తెలుగా బతికారు. స్కార్లెట్ ముఠాకు మాత్రం నిజమైన పోలిక ఉంది: గ్రీన్ గ్యాంగ్. దాని పెద్దల్లో ఒకడు హువాంగ్ జిన్‌రోంగ్, ఫ్రెంచి పేట పోలీసుల్లో పెద్ద డిటెక్టివ్. దొంగల నాయకుడూ అతనే, పోలీసూ అతనే. ఇంకొకడు డూ యుయెషెంగ్. 1888లో పుట్టిన అనాథ, పళ్ళ దుకాణంలో పనివాడిగా మొదలై నల్లమందు వ్యాపారానికి రాజైనవాడు.

1927 మార్చి 21న షాంఘై కార్మికులు తిరగబడి ఊరిని యుద్ధప్రభువుల చేతుల్లోంచి లాక్కున్నారు. జాతీయవాదుల సేనాని చియాంగ్ కై-షేక్ సైన్యం ఊళ్ళోకి రాకముందే పని అయిపోయింది. వచ్చినవాళ్ళకు స్వాగతం పలికింది ఆ కార్మికులే. ఏప్రిల్ 11 సాయంత్రం కార్మిక సంఘం అధ్యక్షుడు వాంగ్ షౌహువాకు డూ ఇంటి నుంచి భోజనానికి పిలుపు వచ్చింది. వెళ్ళాడు. అక్కడే పట్టుకున్నారు, కొట్టారు, ఊరి బయటికి తీసుకెళ్ళి పూడ్చిపెట్టారు. ఊపిరి ఉండగానే పూడ్చారంటారు. ఆ రాత్రి తెల్లవారకముందే గ్రీన్ గ్యాంగ్ మనుషులు కార్మికుల నీలిబట్టలు తొడుక్కుని, చేతికి ‘శ్రమ’ అన్న అక్షరం ఉన్న తెల్లపట్టీ కట్టుకుని బయల్దేరారు. విదేశీ పేట గేట్లు వాళ్ళకు తెరుచుకున్నాయి. సంఘం కార్యాలయాల మీద పడ్డారు. కార్మికుల్లోనే గొడవ అన్న మిషతో సైన్యం వచ్చి, కార్మికుల చేతుల్లోని తుపాకులు లాక్కుంది. మర్నాడు వానలో బావోషాన్ వీధిన ఆడవాళ్ళు, పిల్లలతో సహా ఊరేగింపుగా వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి.

నవలలో కాయ్ దొర కూడా జాతీయవాదుల పక్షం చేరతాడు. పిల్ల కళ్ళ ముందే ఇల్లు కూలుతుంది. ముఠా అంటే సొంత పొగరు, సొంత చట్టం. అది పోయి ఒక సేనానికి కిరాయి కత్తిగా మారింది. తరాలుగా రష్యన్లే శత్రువులని నూరిపోసిన పెద్దలు, అసలు శత్రువు ఇంటికి వచ్చి టీ తాగి వెళ్తుంటే గుర్తుపట్టలేదు. మోంటగోవ్‌ల ఇల్లయితే లోపలి మనిషి చేతిలోనే పోయింది. జూలియట్, రోమా చివరికి మృగాలను ఆపడానికి పేలుడులోకి నడుస్తారు. షేక్‌స్పియర్ నాటకంలో పిల్లల శవాల దగ్గర తండ్రులు చేతులు కలుపుతారు. ఇక్కడ చేతులు కలపడానికి ముఠాలే మిగల్లేదు.

ఇంతవరకు గాంగ్ తప్పేమీ చేయలేదు. ఆమె చేసిన మేలే నాకు ఇబ్బంది. పేలుడు తరవాత ఆ ఇద్దరూ ఎక్కడో బతికున్నారేమో అన్న చిన్న సందు వదిలిపెట్టింది. పాఠకులకు అది ఊరట, నాకూ కళ్ళు చెమర్చాయి. అయితే నేను ఏడ్చింది దొరబిడ్డల కోసం. భోజనానికి పిలిస్తే నమ్మి వెళ్ళిన మనిషికి అలాంటి సందు ఎవరూ వదలలేదు. నవలలో ముఠా ఓడిపోతుంది, నిజంలో గెలిచింది. డూకు, హువాంగ్‌కు సైనిక హోదాలు వచ్చాయి. 1931లో డూ తన పుట్టిన పల్లెలో వంశం గుడి కట్టించి తెరిస్తే దేశంలోని పెద్దమనుషులంతా కానుకలు పంపారు. పతనం వాళ్ళకూ వచ్చింది, ఇరవై ఏళ్ళు ఆలస్యంగా. డూ 1949లో హాంకాంగ్ పారిపోయి 1951లో అక్కడే పోయాడు. హువాంగ్ ఊళ్ళోనే ఉండిపోతే, కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ ముసలివాడి చేతికి చీపురిచ్చి, ఒకప్పుడు అతనిదే అయిన గ్రేట్ వరల్డ్ వినోదశాల ముందు వీధి ఊడిపించింది. అలా ఊడుస్తున్న అతని ఫొటో చూసి నాకు సంతోషం కలగలేదు. జాలీ కలగలేదు.

గాంగ్ తరవాతి నవల ‘ఫౌల్ లేడీ ఫార్చ్యూన్’ కథాకాలం కూడా 1931, అంటే డూ గుడి తెరిచిన ఏడే. జూలియట్ బంధువైన రోజలిండ్ అందులో నాయిక, ఆ జాతీయవాదుల తరఫునే గూఢచారి. పుస్తకం తెప్పించుకున్నాను. నాలుగేళ్ళ కిందటి ఏప్రిల్‌ను ఆమె తన యజమానుల దగ్గర ఎప్పుడైనా ఎత్తుతుందా అన్నది చూడాలి.