పలుగురాయి కీ గడియారాన్ని ఎట్లా దింపేసింది?

ఈసారి వాన గురించి కాదు, రేట్ల గురించీ కాదు. పాత కార్ల డ్యాష్‌బోర్డు గడియారం గురించి రాస్తున్నా. "ఇది మనకెందుకప్పా" అనుకోవద్దండి. చివరిదాకా చదివితే మీ ట్రాక్టరు దాకా వస్తుంది.

మన బుక్కరాయసముద్రం చెరువు బుక్కరాయల కాలం నాటిది. అప్పట్లో టైము అంటే పొద్దు, నీడ. నిమిషాల లెక్క పల్లెలకు వచ్చింది చానా తర్వాత, రైలుతో, బస్సుతో, చేతి గడియారంతో.

కార్లకు మొదట్లో బిగించినవి కీ ఇచ్చే గడియారాలే. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే రకం ఎక్కువ. తర్వాత బ్యాటరీతో తనకు తానే కీ ఇచ్చుకునేవి వచ్చాయి. లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో అది వదులవుతుంది. అప్పుడు రెండు పాయింట్లు తగులుకుని కాయిలుకు కరెంటు పోతుంది. అయస్కాంతం మీటను ఒక్క తన్ను తన్నితే స్ప్రింగు మళ్లా బిగుసుకుంటుంది. బండి ఆపి కూర్చుంటే అప్పుడప్పుడు "టక్" మని వినిపించేది ఈ తన్నే. దాని రోగమూ ఆడనే ఉంది. బ్యాటరీ దిగిపోతే తన్నే బలం చాలదు. పాయింట్లు అట్లే అతుక్కుని ఉంటాయి, కాయిలు కాలిపోతుంది. లో ఓల్టేజీలో మన బోరు మోటారు కాలినట్టే అనుకోండి.

ఇక క్వార్ట్జ్. పేరు ఇంగ్లీషుదే గానీ వస్తువు మనకు తెలిసిందే. దున్నేటప్పుడు నాగలికి తగిలే తెల్ల పలుగురాయి జాతే అది. గడియారాలకు మాత్రం ఫ్యాక్టరీలో పెంచిన శుద్ధమైన స్ఫటికం వాడతారు. ఇట్లాంటి స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ అన్నదమ్ములు కనుక్కున్నారు. కరెంటు ఇస్తే అదే రాయి లెక్క తప్పకుండా కంపిస్తుంది. దీన్ని పట్టుకుని 1927లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వారెన్ మారిసన్ మొదటి క్వార్ట్జ్ గడియారం చేశాడు. 1969 డిసెంబరు 25న జపాన్ సీకో కంపెనీ దాన్ని చేతికి కట్టుకునేంత చిన్నగా చేసి అమ్మింది. ఇప్పుడు మామూలు క్వార్ట్జ్ గడియారంలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు ఊగుతుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తూ పోండి, సరిగ్గా ఒకటి వస్తుంది. అదే ఒక సెకను.

మన దేశంలో ఈ మార్పు కథంతా మన 44వ నంబరు హైవే మీదే నడిచింది. అనంతపురం నుంచి దక్షిణానికి పోతే బెంగళూరు. ఆడ 1961లో హెచ్ఎంటీ, జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో చేతి గడియారాలు మొదలుపెట్టింది. జనతా, పైలట్ లాంటి కీ గడియారాలు పెళ్లి కానుకలయ్యాయి. 1980ల మొదట్లో హెచ్ఎంటీ క్వార్ట్జ్ కూడా తెచ్చింది గానీ దాని బలం కీ గడియారాల మీదే ఉండిపోయింది. అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే హోసూరు. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో పెట్టిన టైటాన్ ఆడ క్వార్ట్జ్‌నే నమ్ముకుంది. 2016లో హెచ్ఎంటీ గడియారాల కంపెనీని మూసేయడానికి కేంద్రం ఒప్పుకుంది. ఈ రోడ్డు మీదే పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వాటిలో టైము తెరమీద అంకెల్లో కనిపిస్తుంది.

పాత కారు పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు చేసే పని ఏమంటే, డయలు, ముళ్లు, అద్దం పాతవే ఉంచి లోపలి యంత్రం తీసి క్వార్ట్జ్ మిషను వేయిస్తారు. చేయించేముందు మూడు చూసుకోండి. ముళ్ల రంధ్రాలు కొత్త ఇరుసుకు సరిపోవాల. పాత ముళ్లు బరువైతే చిన్న మిషను లాగలేదు. చిన్న మిషనుకు ఒకటిన్నర వోల్టులే కావాల, 12 వోల్టులు నేరుగా ఇస్తే పోతుంది. ఇంకోటి, పాత బ్రిటిష్ కార్లలో చానా వాటికి బ్యాటరీ ప్లస్సే బాడీకి ఉంటుంది. అది చూడకుండా వైర్లు కలిపితే సర్క్యూటు మాడిపోతుంది.

మన ఎండకు కూడా ఒక లెక్క ఉంది. ఈ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడుస్తుంది. వేడి పెరిగినా, చలి పెరిగినా కొంచెం వెనకపడుతుంది. రోజంతా 60 డిగ్రీల వేడిలో ఉన్నా తగ్గేది మూడు నాలుగు సెకన్లే. పాత కీ గడియారం నిమిషాల్లో తప్పేది.

అయితే టైము సరిగ్గా రావడం ఒకటి, బండి చరిత్ర మిగలడం ఇంకొకటి. మీ ట్రాక్టరు అవర్ మీటరు చూడండి. పాత రకం మీటరు ఇంజను తిరుగుళ్లతో నడిచేది. కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం దగ్గరే అది చూపే గంట నిజమైన గంట. నెమ్మదిగా తిప్పితే తక్కువ చూపిస్తుంది. కొత్త ఎలక్ట్రానిక్ మీటరు స్ఫటికంతో నిజం గంటలే లెక్కపెడుతుంది. కానీ పాతది తీసి కొత్తది వేస్తే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఆ బండి ఎన్ని వేల గంటలు దున్నిందో చెప్పే సాక్ష్యం చెత్తలో పడిపోతుంది. రేపు దాన్ని సెకండ్ హ్యాండులో కొనే రైతు మోసపోయేది ఈడనే.

అందుకే నా మాట ఒకటే. మార్చండి, తప్పులేదు. కానీ తీసిన యంత్రాన్ని గుజిరీకి వేయొద్దు. డబ్బాలో పెట్టి, తేదీ, పాత రీడింగు కాగితం మీద రాసి బండి కాగితాలతో పాటు దాచండి. రేపు బాగుచేసే చెయ్యి దొరికితే ఆ గడియారం మళ్లా నడుస్తుంది. పాతసామాన్లోడికి వేస్తే మాత్రం తూకానికి పోయే ఇత్తడే.